రేవు మీద పోసిన బురద

మంజులకు చిన్నప్పటినుంచీ రోత ఎక్కువ. ఒకరు తాగిన గ్లాసుతో నీళ్లు తాగదు. చేపల కూర వండిన గిన్నెను కడిగి, తుడిచి, మళ్లీ వాసన చూస్తుంది. "రాణిగారి ముక్కు," అని అత్త శంకరవ్వ ఎగతాళి చేసేది.

అలాంటి మనిషికి దొరికిన కొలువు చెరువులో చెత్త తీయడం. భర్త గోపాల్ మస్కట్‌లో ఉన్నాడు. ఊరి చెరువు ఒడ్డున బోటింగ్ పెట్టిన ఏడాది, ఇంటికి దగ్గర గదా అని చేరింది. పడవలు ఆగే చోట నాచు, సీసాలు, కవర్లు పొడుగు కర్రతో లాగుతుంది. ఇంటికి పోగానే తలమీంచి స్నానం. ఇన్నేళ్లయినా రోత తగ్గలేదు.

ఆదివారాలు కరీంనగర్ నుంచి జనం వస్తారు. వాళ్లకు టికెట్ గేటు. ఊరివాళ్లకు పక్కనే పాత రేవు. దానికి గేటు లేదు.

ఈసారి వినాయకులను పడవల దగ్గరే ముంచారు. అక్కడ లోతు ఉంది, లైట్లు ఉన్నాయి. ప్లాస్టర్ విగ్రహాలు కరగలేదు. మెత్తబడి అడుగున కూలబడ్డాయి. కొన్నాళ్లకే ఒక పడవ బురదలో దిగబడి ఆగింది. అందులోని పిల్లలు ఏడ్చారు. మేనేజర్ విక్రాంత్ జేసీబీ పిలిపించాడు. తోడిన బురద ఎక్కడ పోయాలని డ్రైవర్ అడిగితే రేవు వైపు చెయ్యి చూపాడు.

"సారూ, గది మా తొవ్వ," అంది మంజుల. "ఎల్లుండి పెత్రమాస, బతుకమ్మ మొదలు. ఆడోళ్లు బతుకమ్మలు పట్టుకొని యాడికెల్లి దిగాలె?"

"గేట్లకెల్లి రమ్మను. టికెట్ తీసుకుంటే ఏమైతది?"

"బతుకమ్మకు టికెట్టా సారూ?"

విక్రాంత్ రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకొని కారెక్కాడు.

మంజుల ఆలోచించింది. చెరువు మట్టి అంటే ఊరంతా పడిచస్తుంది. ఎండాకాలం చెరువు ఇంకితే చాలు, చేలకు చల్లే మట్టి కోసం ట్రాక్టర్లు వరస కడతాయి. వరసకు బావ అయ్యే అంతయ్యకు ఫోన్ చేసింది.

"బావా, చెర్వుమట్టి కుప్పలు కుప్పలు పోసిండ్రు. పుక్యానికే, పైస ఇచ్చేది లేదు. జర జల్ది రా."

మర్నాడు పొద్దున్నే అంతయ్య ట్రాక్టర్ వచ్చింది. వెనక ఇంకొన్ని. "ఇప్పుడు చేన్ల పత్తి ఉన్నది. గట్టుమీద పోసుకొని ఎండకాలం చల్లుకుంటం," అన్నాడు హుషారుగా.

పార దిగింది. మొదట ఒక చెయ్యి వచ్చింది. తెల్లటి ప్లాస్టర్ చెయ్యి, వేళ్లకు ఎర్ర రంగు. తర్వాత ఇనుప చువ్వలు, కుళ్లిన పూలదండలు, బిర్యానీ డబ్బాలు, ముడిచి విసిరిన పిల్లల డైపర్. సగం ట్రాలీ నిండేసరికి వాసన గొంతులోకి దిగింది.

"థూ! ఇదేం మట్టే మంజులా? నా చేనేమన్న పెంటకుప్పనా?"

"మీ గల్లీ గణపతే బావా. డీజే ముందట ఎగిరినప్పుడు రోత రాలేదా?"

పక్కవాళ్లు నవ్వారు. అంతయ్య నవ్వలేదు. ట్రాలీ ఎత్తి, నింపిందంతా రేవు మీదే గుమ్మరించి వెళ్లిపోయాడు. మిగతావాళ్లూ అంతే. కుప్ప తగ్గలేదు. వెడల్పయింది.

పెత్రమాస నాడు మంజుల పొద్దుటినుంచీ పార పట్టింది. ఎత్తినంత జారింది. సాయంత్రం ఆడవాళ్లు బతుకమ్మలతో వచ్చారు. ముందు శంకరవ్వ.

"కోడలు పిల్లా, తొవ్వేదే?"

మంజుల కుప్పను చూసింది. కొత్త చీరలను చూసింది. ఈ ఇళ్ల మగవాళ్లే గదా ముంచిందీ, గుమ్మరించిందీ. ఉమ్మేసింది. తర్వాత వంగి రెండు చేతులా బురద తీసుకుంది. టికెట్ గేటు తెరిచి, గొళ్లేనికీ చువ్వలకూ దట్టంగా పూసింది. గేటు పట్టుకొని నిలబడింది.

"నడువుండ్రి."

విక్రాంత్ పరుగున వచ్చాడు. "మంజులా, గేటెయ్యి!"

"మీరే ఏసుకోండ్రి సారూ."

అతను చెయ్యి చాచాడు. వాసన తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. టికెట్ ఇచ్చే మనిషిని చూశాడు. ఆ మనిషి చెరువు వైపు చూశాడు.

ఆడవాళ్లు కొంగు ముక్కుకు పెట్టుకొని, ఆమెకు తగలకుండా పక్కకు ఒదిగి లోపలికి పోయారు. శంకరవ్వ కూడా.

"రాణిగారి ముక్కు యాడికి పోయిందే?"

"ఈడనే ఉన్నదత్తా. నువ్వు నడువు."

పడవల మెట్ల మీద చప్పట్లు మొదలయ్యాయి. బతుకమ్మలు నీళ్లలోకి దిగాయి. మంజుల వేళ్ల మీద బురద ఎండి బిగుసుకుంది. చివరి మనిషి బయటికి వచ్చేదాకా గేటు వదల్లేదు.