పంచదార డబ్బాకు కన్ను

ఆ వీధిలో ఆమెను అందరూ సోల్డరు పిన్ని అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది గానీ దాన్ని చదివేవాళ్ళెవరు? టార్చిలైట్లు తయారుచేసే చిన్న కార్ఖానాలో ఇరవై ఆరేళ్ళు బల్ల ముందు కూర్చుని, వేడి కడ్డీతో సీసం కరిగించి బోర్డులకు తీగలు అతికే సోల్డరింగ్ పని చేసింది. కార్ఖానా మూసేసిన రోజున యజమాని పనివాళ్ళకు తలా ఒక గోడ గడియారం ఇస్తుంటే, ఈవిడ మాత్రం "గడియారం వద్దు సార్, నేను వాడిన కడ్డీ ఇచ్చేయండి చాలు" అంది. ఆయన మంచివాడే, రెండూ ఇచ్చాడు. గడియారం ఆర్నెల్లకే ఆగిపోయింది. కడ్డీ మాత్రం రోజూ పొద్దున్నే వేడెక్కుతూనే ఉంది.

ముందుగదిలో కిటికీ కింద ఆవిడ బల్ల. మీద పాత జామ్ సీసాలు, వాటిలో రకరకాల ముక్కలు. ఎదుటివాళ్ళు తీగను పళ్ళతో ఒలిస్తే "పళ్ళూడతాయి" అని కోప్పడుతుంది, తాను మాత్రం పళ్ళతోనే ఒలుస్తుంది. పొగ కళ్ళలోకి రాకుండా పెదవి పక్కనుంచి ఉఫ్‌మని ఊదుతూ, చూడకుండానే చెయ్యి చాపి సరైన సీసాలోంచి సరైన ముక్క తీస్తుంది. ఆ సీసాలు ఎవరైనా ఒక్క అంగుళం జరిపారా, ఆ పూటకి వాళ్ళకు అక్షింతలే.

కార్ఖానాలో చేసినవి ఇక ఎవరికి కావాలి? అందుకని ఇంటికి పనికొచ్చేవి మొదలుపెట్టింది. అన్నింటికీ మూలం ఒకటే, వెలుతురును కనిపెట్టే చిన్న బిళ్ళ. చొక్కా గుండీ అంత ఉంటుంది, ముఖం మీద వంకర టింకర గీత. దాన్ని ఆవిడ "కన్ను" అంటుంది. వెలుతురు పడితే అది కరెంటుకు దారి ఇస్తుంది, చీకటి పడితే అడ్డం కూర్చుంటుంది. పక్కన కరెంటును వదిలే, ఆపే మూడు కాళ్ళ ట్రాన్సిస్టర్ ఒకటి, ఎంత వెలుతురుకు స్పందించాలో చిన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పి చెప్పే బుడిపె ఒకటి, ఒక బ్యాటరీ. అంతే సంసారం. కన్నును ఒక చోట పెడితే చీకట్లో దీపం వెలుగుతుంది, అదే కన్నును, బుడిపెను ఒకదాని చోట ఒకటి మారిస్తే వెలుతురులో గంట మోగుతుంది.

మొదటిసారి వాకిట్లో దీపం పెట్టినప్పుడు పెద్ద నవ్వులాటే అయింది. సాయంత్రం చీకటి పడగానే దీపం వెలిగింది. ఆ వెలుతురు తన కన్ను మీదే పడింది. తెల్లారిందనుకుని కన్ను దీపాన్ని ఆర్పేసింది. ఆరగానే మళ్ళీ చీకటి, మళ్ళీ వెలుగు. గంటసేపు టపటపలాడింది. పక్కింటి టైలరమ్మ గుమ్మంలోకి వచ్చి, "మీ దీపం ఎవరికి కన్ను కొడుతోంది పిన్నీ?" అంది. టైలరమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాటికి వీధి వీధంతా ఆ మాటే. పిన్ని కోపం తెచ్చుకోలేదు. కన్నును దీపానికి వీపు పెట్టి తిప్పింది. ఆ వారంలోనే ఆరు ఇళ్ళవాళ్ళు మాకూ కావాలన్నారు.

ఇక పిన్ని మొగుడి సంగతి. ఆయన ముప్పై ఏళ్ళు బస్సు నడిపాడు, వీధికి ఆయన డ్రైవరు బాబాయి. మాటకారి. మలుపులో ఉన్న టీ కొట్టు బెంచీ మీద పొద్దున్న కూర్చుంటే భోజనానికి గానీ లేవడు. రిటైరైన రెండో ఏడు షుగరొచ్చింది. ఈయనకేమో పంచదారంటే ప్రాణం. టీలో మానేశానని టీ కొట్టులో నలుగురి ముందూ ఒట్టేసి, ఇంటికొచ్చి డబ్బాలోంచి చెంచాడు నోట్లో వేసుకునే రకం.

కుడికాలి బొటనవేలి మీద పుండు లేచి రెండు నెలలైనా మానలేదు. డాక్టరు చూసి, రక్తం పరీక్ష కాగితం చూసి, మాత్ర మోతాదు పెంచాడు. "ఇది ఇలాగే ఉంటే వేలు తీసేయాలి, ఆ తర్వాత వేలితో ఆగదు" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు పిన్ని ఆ కాలి వైపే చూసింది. ముప్పై ఏళ్ళు బ్రేకు తొక్కిన కాలది. డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడు, ఇద్దరికీ కలిపే చెప్పాడు. ఒళ్ళు వణికి చెమటలు పడితే షుగర్ బాగా పడిపోయినట్టు, అప్పుడు వెంటనే ఇంత పంచదార నోట్లో వేసుకోవాలి. పిన్నికి మొదటి మాటే తలకెక్కింది. రెండోది ఆసుపత్రి గుమ్మం దాటేలోపే జారిపోయింది.

ఇంటికి వచ్చి డబ్బా దాచింది. దొరికింది. బీరువాలో పెట్టింది. తాళంచెవి దొరికింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి దగ్గర సోల్డరింగ్ కడ్డీ లేదు మరి. పిన్ని ఒక సబ్బుపెట్టెలో కన్ను, ట్రాన్సిస్టర్, బ్యాటరీ, కీచుమనే బజ్జరు బిగించి డబ్బా మూత లోపలివైపు అతికించింది. మూత ఉన్నంతసేపూ లోపల చీకటి. మూత తీస్తే వెలుతురు పడుతుంది, బజ్జరు ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తుంది. ఆపడానికి మీట కావాలనే పెట్టలేదు. పెడితే ఆయన ఆపేస్తాడు.

మొదటి రోజు బాబాయి మూత తీశాడు, అది అరిచింది, గోడ అవతల కుట్టుమిషన్లు ఆగాయి. "దొరికారా బాబాయ్?" అని టైలరమ్మ కేక. ఆవిడ దగ్గర పనిచేసే ఇద్దరమ్మాయిలు ఒకటే నవ్వు.

నాలుగు రోజుల్లో బాబాయి కిటుకు కనిపెట్టాడు. మూత తీసిన వెంటనే బల్ల మీద బోర్లిస్తే కన్ను మళ్ళీ చీకట్లోకి పోతుంది. కిక్ మని ఒక్క చప్పుడు, అంతే. పిన్ని సబ్బుపెట్టెను మూత మీదనుంచి తీసి డబ్బా లోపలి గోడకు మార్చింది. తాడిని తన్నేవాడొకడుంటే వాడి తల తన్నేవాడు ఇంకొకడు. ఈసారి బాబాయి పట్టపగలు పదింటికి డబ్బాతో సహా రెండు దుప్పట్లలో దూరాడు. గది తలుపేసి, పరదా లాగి, దుప్పట్ల కింద మూత తీశాడు. చప్పుడు లేదు. మూడు రోజులు సుఖంగా గడిచాయి. ఆ తర్వాత పక్క మీదకు చీమలు వరసకట్టి వచ్చి పిన్నికి ఉన్నదున్నట్టు చెప్పేశాయి.

పిన్ని అరవలేదు. ఆయన్ని కూర్చోబెట్టి, ఆయన పాదం తన ఒళ్ళో పెట్టుకుని కట్టు విప్పి చూపించింది. "ఇది పోతే నేనేం చెయ్యాలండీ? చెప్పండి" అంది. బాబాయి కట్టు మళ్ళీ తనే చుట్టుకున్నాడు. ఆ రోజునుంచి డబ్బా జోలికి పోలేదు.

పది రోజులు బజ్జరు మోగలేదు. పుండు అంచులు ఆరడం మొదలైంది. పిన్ని ఆనందానికి పట్టపగ్గాల్లేవు. టైలరమ్మ చేసిన ప్రచారానికి వీధి చివర తాళాలు బాగుచేసే అతని భార్య వచ్చి, మా మామగారికీ ఒకటి చేసిపెట్టమని డబ్బా తెచ్చి ఇచ్చింది. ఆ పెద్దాయనదీ ఇదే జబ్బు, ఇదే కక్కుర్తి. పిన్ని రెండు రోజుల్లో చేసిచ్చింది. ఇంకో రెండిళ్ళవాళ్ళు కూడా అడిగారు.

బాబాయి టీ కొట్టుకు వెళ్ళడం మానేసిన విషయం పిన్ని గమనించింది. బుద్ధొచ్చింది, టీ మీద కూడా ఆశ పోయింది అనుకుంది. అక్కడ ఆయన్ని అందరూ "అలారం" అని పిలుస్తున్నారని ఆవిడకు తెలియదు. ఆయన చెప్పలేదు.

ఆ రోజు పన్నెండు కావొస్తోంది. పిన్ని కిటికీ కింద కొత్త డబ్బాకు కన్ను బిగిస్తోంది. పొద్దున బాబాయి రెండంటే రెండు ముద్దలు తిని, ఆకలి లేదని లేచాడు. వంటింట్లోకి వెళ్ళినట్టు చప్పుడైంది. ఆ తర్వాత ఏమీ లేదు. బజ్జరు మోగలేదు కాబట్టి పిన్ని తల ఎత్తలేదు. ట్రాన్సిస్టర్ మూడు కాళ్ళూ అతికించి, మిగిలిన తీగ కత్తిరించి, మంచినీళ్ళ కోసం లేచింది.

బాబాయి వంటింటి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా పంచదార డబ్బా. రెండు చేతులూ దాని చుట్టూ ఉన్నాయి, వేళ్ళు డబ్బాకు కొట్టుకుని టకటకమంటున్నాయి. చొక్కా తడిసి ముద్దయింది. ముఖం పాలిపోయింది. మూత వేసింది వేసినట్టే ఉంది.

"ఏమైందండీ? వణుకుతున్నారేంటి?"

ఆయన ఆవిడ వైపు చూశాడు, గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. "పడిపోయింది... షుగర్" అన్నాడు, నాలుక మడతపడుతూ.

డాక్టరు చెప్పిన రెండో మాట పిన్నికి అప్పుడు గుర్తొచ్చింది. "మరి తీసి వేసుకోలేదేం?"

"మోగుతుంది."

దొంగకు తేలు కుట్టినట్టు అని మనం నవ్వుతూ అనేస్తాం. విషం ఎక్కుతున్నా నోరు విప్పలేని మనిషి ఎలా ఉంటాడో పిన్ని ఆ రోజు చూసింది. మూత లాగి పారేసింది. బజ్జరు అందుకుంది. చెంచా కోసం వెతకలేదు, గుప్పెటతో తీసి ఆయన నోట్లో పోసింది. "మింగండి, మింగండి" అంటూనే ఉంది. ఆ కీచుకు తన మాట తనకే వినిపించలేదు. గోడ అవతల మిషన్లు ఆగాయి.

"బాబాయ్, మళ్ళీ మొదలెట్టారా?" అంది టైలరమ్మ. అమ్మాయిలు నవ్వారు.

"తీసింది నేను" అంది పిన్ని. ఆ గొంతు విని అవతల నవ్వు ఠక్కున ఆగిపోయింది.

ఆపడానికి మీట లేదు. మూత ఎక్కడికి దొర్లిందో తెలియదు. పిన్ని డబ్బాలో చెయ్యి పెట్టి కన్ను మీద బొటనవేలు నొక్కి పట్టింది. బజ్జరు ఆగింది. ఒక చెయ్యి డబ్బాలోనే ఉంచి, రెండో చేత్తో గ్లాసులో నీళ్ళు పోసి, పంచదార కలిపి కొంచెం కొంచెంగా తాగించింది. పావుగంటకు ఆయన వేళ్ళు నిలకడ పడ్డాయి. ఆవిడ బొటనవేలు మొద్దుబారిపోయింది.

మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరు అంతా విని, కాగితాలు తిరగేసి, "అప్పుడు మీరు తింటున్న పంచదారకు తగ్గట్టు మాత్ర పెంచాను. పంచదార మానేశారు, మంచిదే. నాకెవరూ చెప్పలేదు. మాత్ర మాత్రం అంతే వేసుకుంటున్నారు" అన్నాడు. మోతాదు తగ్గించి రాశాడు. ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో కూడా చెప్పాడు. అది ఇక్కడ రాయడం నాకిష్టం లేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో బాబాయి అలవాటు ప్రకారం డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు. పిన్ని కాసేపు బయటికి చూసి, అడగకుండా ఉండలేకపోయింది. "పక్క గదిలోనే ఉన్నానుగా. పిలవొచ్చుగా నన్ను."

"పిలిస్తే ఎందుకంటావు. పంచదార కావాలనాలి." ఆయన మాటలో కోపం లేదు. "నమ్ముతావా మరి?"

పిన్ని ఆలోచించింది. అవునని ఉంటే బాగుండేది, కానీ అబద్ధమాడటం ఆవిడకు చేతకాదు. "నమ్మేదాన్ని కాదు" అంది.

"అదే మరి."

ఆవిడకు సిగ్గేసింది. కాలు దక్కించుకోవాలని మనిషిని ఇంట్లోనే దొంగను చేసి కూర్చోబెట్టింది. అరుపు వినబడితే ఆయన తప్పు చేస్తున్నాడు, వినబడకపోతే బాగున్నాడు. ఇన్నాళ్ళూ ఆవిడకు తెలిసిన లెక్క అదొక్కటే. ఆయన ముఖం చూసి ఎన్ని రోజులైందో గుర్తు చేసుకోబోయింది. గుర్తు రాలేదు. ఆయన చెయ్యి పట్టుకుంది. బస్సులో అందరి ముందూ అలా పట్టుకోవడం పెళ్ళయిన ఇన్నేళ్ళలో అదే మొదలు. బాబాయి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "ఈ డ్రైవరుకు గేర్లు సరిగ్గా పడటం లేదు" అన్నాడు.

బస్సు దిగాక పిన్ని ఉన్నట్టుండి ఆగిపోయింది. "మీరు ఇంటికెళ్ళి అన్నం పెట్టుకుని తినండి. నేనిప్పుడే వస్తాను" అని వీధి చివరకు నడిచింది. నడక కాదు, సగం పరుగే.

తాళాలతని భార్య గుమ్మంలోనే ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "రండి పిన్నీ! మీకు వెయ్యి దండాలు పెట్టాలి. మామగారు పూర్తిగా మానేశారు. ఆరు రోజులైంది, ఒక్కసారి కూడా మోగలేదు."

"ఎక్కడున్నాడు ఆయన?"

ఆ అమ్మాయి చెప్పేలోపే పిన్ని లోపలికి వెళ్ళింది. పెద్దాయన వెనక గదిలో మంచం మీద గోడకు ఆనుకుని పేపరు చూస్తున్నాడు. బాగానే ఉన్నాడు. పిన్నికి ఊపిరి వచ్చింది. మంచం అంచున కూర్చుని, "పెద్దాయనా, ఈమధ్య ఎప్పుడన్నా ఒళ్ళు వణికిందా? చెమటలు పట్టాయా?" అని అడిగింది.

ఆయన ముందు కోడలి వైపు చూశాడు. తర్వాత పేపరు మడిచాడు.

"రెండుసార్లు వచ్చిందమ్మా."

"అప్పుడేం చేశారు?"

"ఓర్చుకున్నాను" అన్నాడు.

కోడలు గుమ్మంలో నిలబడిపోయింది. పిన్ని లేచి వంటింట్లోకి వెళ్ళి, తాను చేసిన డబ్బా అందుకుని మూత తీసింది. అది కీచుమంటుండగానే లోపల చెయ్యి పెట్టి తీగలు పీకేసింది. డబ్బా తెచ్చి పెద్దాయన మంచం పక్కన, ఆయన చేతికి అందేలా పెట్టింది. "ఈసారి వస్తే ఓర్చుకోవద్దు. ఎవర్నీ అడగొద్దు కూడా" అని చెప్పి, డాక్టరు దగ్గరకు రేపే తీసుకెళ్ళమని కోడలికి చెప్పడానికి అటు తిరిగింది.