రేడియోకి తగిలిన మైల

నరసరావుపేటలో మా మామగారు ప్లీడరు. సాక్ష్యం లేనిదే సూర్యుడు తూర్పున పొడిచాడన్నా ఒప్పుకోరని కోర్టులో పేరు. ఆ పేరు కోర్టు గుమ్మం దాకానే. ఇంట్లో ఫైసలా మా అత్తగారిది.

యుద్ధం రోజుల్లో ఆయన బ్యాటరీతో నడిచే రేడియో ఒకటి కొన్నారు. మిద్దె మీద రెండు వెదురు గడల మధ్య ఒక తీగ కట్టారు. ఇంకో తీగను కిటికీలోంచి పెరట్లోకి దించి భూమిలో పాతారు. ఆ చోటు ఎప్పుడూ తడిగా ఉండాలని రోజూ చెంబెడు నీళ్ళు పోయించేవారు. ఆ తీగకు జరిగిన మర్యాద ఆ ఇంట్లో ఏ కోడలికీ జరగలేదు. సాయంత్రం వార్తల వేళకు వీధిలో పెద్దమనుషులంతా వచ్చి కూర్చునేవారు. నేను తలుపు వెనక నిలబడేదాన్ని. మా అన్న మిలిట్రీలో చేరి బర్మా సరిహద్దుకు వెళ్ళాడు. జాబులు ఆగిపోయాయి. వాడున్న వైపు ఏం జరుగుతున్నదో తెలియడానికి నాకు ఆ పెట్టె తప్ప వేరే దిక్కు లేదు.

ఒక నెల నేను బయట చేరి పెరటి వసారాలో చాప వేసుకున్నాను. పాతిన తీగ నాకు బారెడు దూరంలో ఉంది. ఆ సాయంత్రమే రేడియో గొంతు పడిపోయింది. మర ఎంత తిప్పినా బుసబుస తప్ప మాట రాలేదు. బ్యాటరీలు బాగుచేసే సాయిబును పిలిపిస్తే, అతను మూత తీసి చూసి, "సెట్టుకేం రోగం లేదయ్యా," అన్నాడు.

"సెట్టుకి లేకపోతే పెరట్లో ఉన్నట్టే," అన్నారు మా అత్తగారు. "అంటులో ఉన్న మనిషి తీగ పక్కనే కూర్చుంటే అది పలుకుద్దా?"

మూడు రోజులకు నేను తలంటు పోసుకున్నాను. రేడియో కూడా పలికింది. మరుసటి నెల నేను బయట, అది మూగ. ఆ పై నెలా అంతే. నాకే భయం వేసింది. నా ఒంట్లో ఏదో పాడు ఉందేమోనని వసారాలో ఒంటరిగా ఏడ్చాను. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. మా మామగారు ఆ దూడకి పలుపు కూడా పేనారు. తీగ చుట్టూ పసుపు నీళ్ళు చల్లించి, "అమ్మాయ్, ఇక మామూలు రోజుల్లో కూడా రేడియో గది దరిదాపులకి రాకు. మూడుసార్లు రుజువైంది గదా," అన్నారు.

నా తరఫు సాక్షి ఆకాశంలో ఉన్నాడని చాలా ఏళ్ళ తర్వాత ఒక సైన్సు పుస్తకంలో చదివాను. సూర్యుడి నుంచి విద్యుత్తు నిండిన సన్నని రేణువులు గాలిలాగా ఎప్పుడూ వీస్తూనే ఉంటాయట. సూర్యుడిలో కొన్ని చోట్ల నుంచి ఆ గాలి మరీ జోరుగా వస్తుంది. అది వచ్చి భూమి చుట్టూ ఉన్న అయస్కాంత శక్తిని కుదిపేస్తే దిక్సూచి ముల్లు వణుకుతుంది, తంతి తీగల్లో అక్కర్లేని కరెంటు పారుతుంది. దూరదేశపు రేడియో మాటలు ఆకాశంలో ఏ పొరకు తగిలి మన దగ్గరికి దిగుతాయో, ఆ పొర చెదిరిపోతుంది. సూర్యుడు తన చుట్టూ తాను తిరిగి, ఆ చోటును మళ్ళీ మన వైపు తిప్పడానికి దాదాపు ఇరవై ఏడు రోజులు పడుతుంది. నాదీ అదే లెక్క. నన్నూ సూర్యుణ్ణీ కలిపి విచారించాల్సిన దావాలో ఆయన్ని వదిలేసి నాకు శిక్ష వేశారు.

అంతలో నెల తప్పింది. మైల లేదు కాబట్టి అత్తగారే నన్ను రేడియో గదిలోకి రానిచ్చారు. బిడ్డ కలగబోతోందన్న సంతోషం కంటే వార్తలు వినవచ్చన్న సంతోషమే నాకు ఎక్కువ. ఆ నెల సూర్యుడు కాస్త ఆలస్యం చేశాడేమో, నాలుగు రోజులు విన్నాను. అయిదో రోజు బర్మా కబురు మొదలవుతుండగా రేడియో బుసకొట్టి ఆగిపోయింది. వార్త పోయినందుకు కడుపు మండినా, నిర్దోషినని తేలినందుకు నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"ఇప్పుడు ఎవరి అంటు మామగారూ?" అని అందరి ముందూ అడిగాను.

ప్లీడరుగారు అలవాటుగా అత్తగారి వైపు చూశారు.

"ఏముందండీ," అన్నారు ఆవిడ, "కడుపులోది ఆడపిల్లయి ఉంటది."

మామగారు తల ఊపారు. పెద్దమనుషులూ ఊపారు. నేను మళ్ళీ గది అవతలికి వెళ్ళాను.

కాన్పుకి మా పుట్టింటికి, రాజుపాలెం వెళ్ళాక, ఒక రోజు మా అన్న కాలికి కట్టుతో గుమ్మంలోకి వచ్చాడు. వాడు బతికున్నాడని నాకు తెలిసింది అప్పుడే. వాళ్ళ దళం కొండల్లో చిక్కుకుని బయటపడిన సంగతి మా అత్తగారి వీధంతా ఎప్పుడో రేడియోలో విన్నదట. ఆడదానికెందుకని నాకు ఒక్కరూ చెప్పలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఆడపిల్లే పుట్టింది. అయిదో నెలలో పిల్లను ఎత్తుకుని అత్తారింటికి వచ్చాను. దిష్టి తీయడానికి గుమ్మంలో ఎవరూ లేరు. అందరూ కలిసి రేడియోని పక్కింటికి మోస్తున్నారు.