మెట్టు కింద పొలిమేర

ఆ రోజు బెంజి సర్కిల్‌లో షేర్ ఆటో ఎక్కి పోరంకి వెళ్తున్నాను. బందరు రోడ్డుకి రెండు వైపులా షాపులు ఎక్కడా తెగలేదు. నా ఎదురుగా ఒక పెద్దావిడ, పక్కన చంటిబిడ్డతో కోడలు. బిడ్డ తొలిసారి నాన్న ఇంటికి వస్తోందట.

"పోరంకి అంటే విజయవాడ శివారేగా అండీ?" అన్నాను.

"శివారేంటండీ! మాదీ మున్సిపాలిటీయే. పనుంటే బెజవాడ వెళ్ళొస్తాం, అంతే," అందావిడ చురుగ్గా. అంతలోనే, "ఆపు బాబూ, పొలిమేరొచ్చింది," అంటూ కొబ్బరికాయ పట్టుకుని సెల్‌ఫోన్ల షాపు ముందు దిగింది.

షాపాయన కసురుకుంటాడనుకున్నాను. ఆయన చెప్పులు విడిచి వచ్చి, "అక్కడ కాదు పిన్నిగారూ, పొలిమేర రాయి మా మెట్టు కిందుంది. ఇక్కడ కొట్టండి," అన్నాడు.

ఆవిడ తిరిగొచ్చి నా చేతిలో కొబ్బరి ముక్క పెట్టి, "మీదే ఊరండీ?" అంది.

ఎవరడిగినా వైజాగ్ అనే చెప్తాను. ఆ రోజు మాత్రం "గాజువాకండీ" అన్నాను. చిన్నప్పుడు మా నాయనమ్మ కూడా ఇలాగే రిక్షా ఆపించి దణ్ణం పెట్టించేది. ఎక్కడ ఆపించేదో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. మా పొలిమేర ఏ మెట్టు కింద ఉందో చెప్పేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.