ఓస్వాల్ట్ చెక్కనన్న స్వరాలు

లైప్‌జిగ్‌లో సంగీతం అచ్చువేసే ఒక కార్ఖానాలో ఓస్వాల్ట్ ట్రెబ్స్ ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేశాడు. సీసపు రేకు మీద ఒక్కో స్వరాన్నీ ఉక్కు ముద్ర పెట్టి, సుత్తితో, అద్దంలో కనిపించినట్టు తిరగేసి కొట్టే పని. పియానో వాయించడం అతనికి రాదు. కానీ ముసలి స్వరకర్త హోల్జామర్ రాసినవన్నీ అతని చేతి మీదుగానే లోకంలోకి వెళ్లాయి. ఆయన ఒక్క చుక్కయినా పెట్టడం మరిచిన రోజు ఓస్వాల్ట్ ఎరగడు.

పక్షవాతం రావడానికి కాస్త ముందు, డెబ్బై ఎనిమిదో ఏట, హోల్జామర్ పియానో కోసం అయిదు చిన్న రచనలు చేశాడు. ఒక్కోటి ఒక్కో పేజీ. అయిదోదాని చివర ఎడమచేతికి ఏమీ లేదు. కుడిచేతికి ఒకే ఒక్క స్వరం, అది దానంతటది ఆరిపోయేదాకా ఆగమని పైన గుర్తు. అంతే.

కొత్తగా వచ్చిన సంపాదకుడు డాక్టర్ విల్డెర్‌కి అది నచ్చలేదు. ప్రూఫు మీద ఎడమచేతి ఖాళీలో ఎర్ర పెన్సిల్‌తో మూడు స్వరాలు గీసి పట్టుకొచ్చాడు.

"ముసలాయన మరిచిపోయాడు. ఇవి కూడా చేర్చెయ్."

"మరిచిపోలేదండీ. కావాలనే వదిలారు."

"నువ్వా నాకు చెప్పేది? నీ పని కొట్టడం, వినడం కాదు."

ఓస్వాల్ట్‌కి ఒళ్లు మండిపోయింది. మండదూ మరి! నిన్నగాక మొన్న వచ్చినవాడు, ఎనభైకి దగ్గరపడ్డ మనిషికి పాఠం చెబుతాడా? కార్మికులు స్వరకర్తల గడప తొక్కకూడదని కార్ఖానాలో కట్టడి ఉంది. ఉంటే ఉందిలెమ్మని ఆదివారం ప్రూఫు జేబులో పెట్టుకుని వెళ్లాడు.

హోల్జామర్ చెల్లెలు ఒటీలియ తలుపు తీసింది. "అన్నయ్యకి మాట పడిపోయిందయ్యా. ఇప్పుడెందుకు ఆయన్ని బాధపెట్టడం?"

"ఒక్కసారి చూపించనివ్వండమ్మా."

ఎర్ర గీతలు చూడగానే ముసలాయన మొహం కందగడ్డయింది. కుడిచెయ్యి లేవదు. ఎడమచేత్తో పెన్సిల్ లాక్కుని, ఆ మూడు స్వరాల మీదా కాగితం చిరిగేలా గీశాడు. తర్వాత ఓస్వాల్ట్ చొక్కా పట్టుకుని వదల్లేదు.

"మీరు రాసినట్టే వస్తుందండీ. నాదీ పూచీ," అన్నాడు ఓస్వాల్ట్.

సోమవారం కార్ఖానాలో ఆ కాగితం చూసి విల్డెర్ నవ్వాడు. "రోగిష్టి గీతలు. ఇవాళే చేర్చు."

"చేర్చను."

"అయితే సుత్తి అక్కడ పెట్టి బయటికి నడు."

"సుత్తి నాదే, డాక్టరు గారూ. తీసుకునే పోతాను."

ముప్ఫై ఒక్క ఏళ్ల కొలువు ఆ మాటతో పోయింది. ఒకరు మొదలుపెట్టిన రేకు మీద ఇంకొకరు సుత్తి ఎత్తకపోవడం అక్కడివాళ్ల పట్టింపు. ఆ మూడు స్వరాలు కొట్టమని మేస్త్రీ బల్ల బల్లకీ తిరిగాడు.

"చెయ్యి బెణికింది మేస్త్రీ," అన్నాడొకడు.

"కళ్లజోడు ఇంట్లో మరిచా," అన్నాడు ముక్కు మీద కళ్లజోడుతోనే ఇంకొకడు.

విడుదల తేదీ ముంచుకొచ్చింది. పుస్తకం ముసలాయన రాసినట్టే అచ్చయింది. ఒటీలియ తెచ్చి ఒళ్లో పెడితే, హోల్జామర్ ఆఖరి పేజీ తీయించుకుని చూసుకున్నాడు. ఆ నెలలోనే పోయాడు.

సంస్మరణ సభలో మాట్లాడిందెవరనుకున్నారు? డాక్టర్ విల్డెర్!

"ఆ చివరి నిశ్శబ్దాన్ని కాపాడటానికి నేనెంత పోరాడానో మీకు తెలియదు," అన్నాడు గొంతు వణికిస్తూ.

వెనక వరసలో ఓస్వాల్ట్ పళ్లు పటపటా కొరికాడు. సిగ్గూ ఎగ్గూ లేని మనిషి! అయినా ముసలాయన కోసం నోరు మూసుకున్నాడు. పియానో దగ్గరున్నామె అయిదూ వాయించింది. చివరి స్వరం మీద వేలు ఆపి, తల వంచుకుని కూర్చుంది. స్వరం సన్నగా మోగుతూనే ఉంది.

ముందు వరసలో డాక్టర్ లేచి చప్పట్లు కొట్టాడు. ఆయన్ని చూసి హాలంతా కొట్టింది.

"ఆపండయ్యా!" ఓస్వాల్ట్ అరిచాడు. "ఇంకా మోగుతోంది!"

అందరూ ఉలిక్కిపడి చేతులు ఆపేశారు. అప్పటికే స్వరం ఆరిపోయింది.