ఫింటాస్ షాట్‌లో సత్తిబాబు

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి టీకి వెళ్ళిపోయే రకాన్ని నేను. ఇప్పటికీ దీన్ని దెయ్యమనను. జరిగింది మాత్రం చెబుతాను.

ఫోన్లలో ఇంకా కెమెరాలు రాని రోజులు. కువైట్‌లో, షర్క్‌లోని ఒక చిన్న స్టూడియోలో యాడ్ ఫిల్ములకి ఫినిషింగ్ పని చేసేవాణ్ణి. సత్తిబాబు మా వ్యాన్ డ్రైవరు, కోనసీమ మనిషి. ఫింటాస్ తీరంలో షూటింగప్పుడు దూరంగా ఎవరో ఒకరు నడవాలంటే అతన్నే నడిపించారు. కెమెరాకి వీపు పెట్టి సముద్రం వైపు వెళ్ళాడు. తీసింది ఒకటే టేకు.

తర్వాత క్లయింటు ఆ మనిషి వద్దన్నాడు. చెరిపే పని నాది. సత్తిబాబు నా కుర్చీ వెనక నిలబడి, "ఆయ్, హీరోని మొదటాటకే లేపేశారండి" అని నవ్వాడు. తెర వైపు వంగి, "తుడిచేముందు నా బొమ్మొకటి తీసుంచండి గురువుగారూ. వీపైనా పర్లేదు, నడక చూసి మా మంగ గుర్తుపడద్ది" అన్నాడు.

మా పనిలో షాట్ అంటే ఒక ఫైలు కాదు. ప్రతి ఫ్రేమూ విడి బొమ్మే, ఒక్కో డీపీఎక్స్ ఫైలు. మార్చినవి వేరే ఫోల్డరులో పెట్టాలి, అసలువి ముట్టుకోకూడదు. డిస్కు నిండిందని నేను అసలువాటి మీదే సేవ్ చేసేశాను. వేరే కాపీ లేదు. అతని బొమ్మ మర్చిపోయాను. అడిగితే తీశానన్నాను.

కొన్నాళ్ళకే సత్తిబాబు నిద్రలో పోయాడు. ఊళ్ళో కర్మలన్నీ అయ్యాక అతని భార్య మంగ ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, మీ దగ్గర ఫోటో ఉందని చెప్పేవారండి. బతాకా కార్డు మీద ఫోటోలో మొహం ఆయన్లా లేదండి."

పంపుతానన్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఆ ఫైళ్ళు ఒక్కొక్కటే తెరిచాను. ఖాళీ ఇసుక, ఖాళీ నీళ్ళు. ఒక్క ఫ్రేములో మాత్రం సత్తిబాబు ఉన్నాడు. నేను చెరపడం మరిచిన ఫ్రేమని సరిపెట్టుకునేవాణ్ణే. కానీ కాళ్ళు సముద్రం వైపున్నాయి, ముఖం ఇటు తిరిగి ఉంది. నవ్వుతున్నాడు. షూటింగులో అతను ఒక్కసారి కూడా తిరగలేదు.

జేపెగ్‌గా మార్చి ప్రింటు తీశాను. అంచులు కోసిచ్చిన మా స్టూడియో రాయచోటి ఖాదర్ భాయ్ దాన్ని చూసి కళ్ళు తుడుచుకున్నాడు. కాబట్టి నా ఒక్కడి భ్రమ కాదు.

పోస్టు చేసి వచ్చి మళ్ళీ అదే ఫైలు తెరిచాను. ఖాళీ తీరం. ఫైలు మీద తేదీ నేను చెరిపిన రోజుదే.

ఫోటో అందాక మంగ ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది. చివర్లో ఒక్కమాట అడిగింది.

"ఎవరు పిలిస్తే వెనక్కి తిరిగారండీ?"

ఇన్నేళ్ళయినా నాకు తెలియలేదు.