కాలేజీలో మగ్గం గుంత

మా కాలేజీలో వైవిధ్యానికి ఒక ఫైలు ఉండేది. నీలం అట్ట, దాని మీద అతికించిన తెల్లకాగితం, ఆ కాగితం మీద గుండ్రటి అక్షరాలతో "అందరూ మనవాళ్లే" అని. దాన్ని ప్రిన్సిపాల్ సిస్టర్ గదిలో ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసేవారు. అంత విలువైనదాన్ని విద్యార్థుల చేతికి అందేలా పెట్టరు కదా.

కర్నూలులో సిస్టర్లు నడిపే ఆడపిల్లల డిగ్రీ కాలేజీ అది. మాది మైదుకూరు దగ్గర నేతవాళ్ల ఊరు కాబట్టి నేను హాస్టల్లో ఉండేదాన్ని. మా క్లాసులో నందికొట్కూరు నుంచి బస్సుల్లో వచ్చే రైతుల పిల్లలు, పాతబస్తీ ముస్లిం పిల్లలు, చర్చి పిల్లలు, బజారులో అంగళ్లున్న శెట్ల పిల్లలు అందరూ ఉండేవాళ్లు. ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చునేవాళ్లం, ఒకరి క్యారియర్లో ఇంకొకరు చెయ్యి పెట్టి తినేవాళ్లం. దాన్ని వైవిధ్యం అంటారని మాకు తెలియదు. ఆకలి అనుకునేవాళ్లం.

పైనుంచి పెద్దలు తనిఖీకి వస్తున్నారని కబురు వచ్చిన రోజే మేము ఎన్ని రకాలో కాలేజీకి గుర్తొచ్చింది. వైవిధ్య కమిటీ మేడం క్లాసుకొచ్చి, సంతలో వంకాయలు ఏరినట్టు మమ్మల్ని ఏరింది. "నువ్వు ముస్లిమా? మంచిది, ఇటు రా. నువ్వు క్రిస్టియనా? మీరు చాలామంది అయ్యారు, కూర్చో." నా దగ్గరికి వచ్చి మీ ఇంట్లో ఏం చేస్తారని అడిగింది. నేస్తారని చెప్పాను. ఆమె మొహం వెలిగిపోయింది. మూడేళ్లలో నేను చెప్పిన జవాబుకి ఒక లెక్చరర్ మొహం వెలగడం అదే మొదటిసారి.

నా బాధ మాత్రం అటెండెన్సు. డెబ్బై ఐదు శాతం లేకపోతే ఆఖరి సెమిస్టరుకి హాల్ టికెట్ ఇవ్వరు. పెండ్లిళ్ల కాలంలో చీరలకు గిరాకీ ఎక్కువ, నూలు కండెలు చుట్టడానికి అమ్మకు ఇంకో మనిషి కావాలి, అందుకని నేను ఊరికి పోయివస్తూ ఉండేదాన్ని. ఆఫీసు క్లర్కు సారు నన్ను పిలిచి ముందే చెప్పాడు.

"ఇంగ నీకు ఐదు రోజులే ఉండాయి పాపా. ఆరో రోజు రాకపోతివా, పరీచ్చ మర్చిపో."

మా వీధిలో డిగ్రీ దాకా వచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఈ పరీక్ష తప్పితే మళ్లీ కట్టడానికి ఇంకో ఏడాది ఆగేంత ఓపిక మా ఇంట్లో లేదు. ఇంటికొచ్చి కండెలు చుట్టుకోవడమే. అందుకని ఆ ఐదు రోజుల్నీ పిసినారిలా దాచుకున్నాను.

కమిటీ మేడం ఆలోచన ఏమంటే, మా మగ్గాన్ని తెచ్చి స్టేజీ మీద పెట్టాలి, మా నాయన దాని మీద నేస్తూ ఉండాలి, తనిఖీ పెద్దలు చూడాలి. నాయనకు ఫోను చేసి మేడంకిచ్చాను. ఆమె చెప్పిందంతా నాయన ఓపికగా విన్నాడు.

"మాది గుంత మగ్గం మేడం," అన్నాడు. "నేలలో గుంత తవ్వి, కాళ్లు అందులో పెట్టుకోని తొక్కేది. కట్టెలంటే తెస్తా. గుంతను యాడికని తెచ్చేది, సంచిలో ఏసుకోని వచ్చేదా?"

గుంత ఇక్కడే తవ్విస్తామంది మేడం. స్టేజీని తవ్వడానికి సిస్టర్ ఒప్పుకోలేదు, అదొక్కటి అదృష్టం. మేరీమాత విగ్రహం పక్కన ఖాళీ స్థలంలో ఇద్దరు కూలీలు తవ్వడం మొదలుపెట్టారు. మోకాలి లోతులో బండ తగిలింది. రెండు రోజులు గడ్డపారలతో కొట్టారు. కాలేజీ గోడల లోపలికి మమ్మల్ని కలుపుకోవడం ఎంత కష్టమో ఆ చప్పుడు క్లాసుల్లో అందరికీ వినిపించింది.

నాయన కట్టెలూ, పోగులు దూర్చే అచ్చూ, నిలువు పోగుల పడుగూ ఆటోలో వేసుకుని వచ్చాడు. మగ్గం నిలబెట్టడం ఒక పూట పని. పాత పడుగు పోగులకు కొత్త పోగులు ఒక్కొక్కటే బూడిద అద్దిన వేళ్లతో మెలేసి అతకాలి, అది అసలు పని. దానికి ఇద్దరు కావాలి. అమ్మ ఇల్లు వదిలి రాలేదు. మిగిలింది నేను.

నా అటెండెన్సు సంగతి మేడంకి చెప్పాను.

"కాలేజీ పనే కదమ్మా, నువ్వు కాలేజీలోనే ఉన్నావు కదా, అటెండెన్సు ఎక్కడికి పోతుంది?" అంది.

నిజమే అనుకున్నాను. అంత తెలివి నాది. ఆరు రోజులు మేరీమాత పక్కన కూర్చుని పోగులు అతికాను. క్లాసు కిటికీల్లోంచి నాకు పాఠం సగం సగం వినిపించేది. తోట చూసుకునే ముసలి సిస్టర్, కేరళ ఆమె, రోజూ మజ్జిగ తెచ్చిచ్చి, మా పక్కనే కూర్చుని పోగు మెలేయడం నేర్చుకుంది. ఆమె ఏ కమిటీలోనూ లేదు.

తనిఖీ రోజు పొద్దున్నే మేడం మా నాయనను పైనుంచి కిందికి చూసి మొహం మాడ్చుకుంది. ఆయన ప్యాంటూ టీషర్టూ వేసుకుని ఉన్నాడు, రోజూ నేసేటప్పుడు వేసుకునేవే. నేతగాడిలా లేడట. ఎక్కడి నుంచో పంచె తెప్పించి, తలకు రుమాలు చుట్టించారు. నాయన జన్మలో తలకు గుడ్డ చుట్టినవాడు కాదు. నా పరీక్ష కోసమని చుట్టించుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

పెద్దలు వచ్చి రెండు నిమిషాలు నిలబడ్డారు. ఒకాయన చీర మీద చెయ్యి వేసి చాలా బాగుందన్నాడు, ఇంకొకాయన గుంత ఎంత లోతని అడిగాడు. నన్నూ నాయననూ ఫోటో తీశారు. తర్వాత భోజనాలకు వెళ్లిపోయారు.

వారం తిరక్కుండా అటెండెన్సు తక్కువైనవాళ్ల జాబితా నోటీసు బోర్డు మీద అంటించారు. మొదటి పేరు నాదే. క్లర్కు సారు దగ్గరికి పరిగెత్తాను.

"ఆరు రోజులు ఆబ్సెంటు పాపా."

"సార్, నేను ఈడనే ఉంటి కదా. మీ కిటికీకి ఎదురుగానే కూర్చుంటి."

"నేను చూసినా. చూస్తే సాలదు, లెటరు ఉండాల. మీ మేడం లెటరు ఇయ్యల్యా."

ప్రిన్సిపాల్ సిస్టర్ గదిలో కొత్తగా అచ్చయిన కాలేజీ పుస్తకం బల్ల మీద ఉంది. అట్ట మీద నేను, రుమాలు చుట్టుకున్న మా నాయన, కింద "అందరూ మనవాళ్లే." దాన్ని ఆమె ముందుకు జరిపాను.

"సిస్టర్, ఇందులో ఉన్నాను. రిజిస్టర్లో లేను."

ఆమె చెడ్డ మనిషి కాదు. మేడంని పిలిపించింది. లెటరు ఇప్పుడు వెనక తేదీతో రాయకూడదంది మేడం, అది అబద్ధమవుతుందట. చివరికి క్లర్కు సారుతో మినహాయింపు ఫారం తెప్పించారు. అందులో కారణాలు నాలుగే ఉన్నాయి: అనారోగ్యం, ఆటలు, ఎన్‌సీసీ, ఇంట్లో చావు. మగ్గం లేదు. అనారోగ్యం కింద కామెర్లని రాసుకోమని, సర్టిఫికెట్టు తాను తెప్పిస్తానని క్లర్కు సారు అన్నాడు. సిస్టర్ గోడ మీద శిలువ వైపు ఒకసారి చూసి, ఫారం నా వైపు జరిపింది. తండ్రి సంతకం చేయించుకు రమ్మన్నారు.

నాయన ఇంకా గుంతలోనే ఉన్నాడు. ఎక్కించిన పడుగును నేసి ముగించకుండా దించడం మా ఇంట్లో లేదు. స్థలం ఖాళీ చెయ్యమని రెండుసార్లు మనిషిని పంపినా ఆయన లేవలేదు. ఫారం చేతికిచ్చాను.

"ఏమని రాసినారు?"

"నాకు కామెర్లు వచ్చినాయని."

"ఎప్పుడు?"

"ఈడ కూర్చున్న ఆరు రోజులు."

నాయన చేతులు తుడుచుకుని పెన్ను తీసుకున్నాడు. సంతకం చేసే చోట తెలుగులో నిదానంగా రాశాడు: "నా కూతురు బాగానే ఉండాది. ఆ ఆరు రోజులు ఈ కాలేజీలోనే నాతో కూడా పని చేసింది." కింద సంతకం పెట్టాడు. "ఉండేది ఉన్నట్టు రాసినా. పోయి ఇయ్యి పాపా," అన్నాడు.

క్లర్కు సారు దాన్ని చదివి నా వైపు జాలిగా చూశాడు. ఇది చెల్లదని, ఆ సాయంత్రమే ఆఖరి గడువని చెప్పి, దాన్ని తిరిగిచ్చి ఇంకో ఫారం చేతిలో పెట్టాడు. ఆఫీసు వరండాలో గోడకు ఆనుకుని నిలబడి, కామెర్ల కింద మా నాయన సంతకం నేనే పెట్టాను.

హాల్ టికెట్ వచ్చింది. పరీక్ష పాసయ్యాను. కాలేజీకి వైవిధ్యంలో మంచి మార్కులు వచ్చాయని అసెంబ్లీలో చప్పట్లు కొట్టించారు, నేనూ కొట్టాను. గుంత పూడ్చేసి ముసలి సిస్టర్ అందులో కరివేపాకు మొక్క నాటింది.

ఇప్పటికీ మా నాయన వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. "ఉండేది ఉన్నట్టు రాసిస్తి. సిస్టరమ్మ సదివి ఒప్పుకున్యాది. శానా మంచి కాలేజీ అప్పా." చెప్పి, నిజమే కదా అన్నట్టు నా వైపు చూస్తాడు.

ఆయన రాసిన ఫారం నా బీరువాలో, బట్టల కింద ఉంది. నేను అవునని తలూపుతాను.