నైఫ్ గదిలో సినిమా హాలు

ఎనభైల్లో దుబాయ్‌లో, నైఫ్ అనే పేటలో ప్లైవుడ్ చెక్కలతో విడగొట్టిన గదుల్లో ఉండేవాళ్లం. శుక్రవారం సెలవు కదా, మధ్యాహ్నం భోజనాలయ్యాక వీసీఆర్‌లో తెలుగు సినిమా పెట్టుకునేవాళ్లం. ఉన్న రెండు స్పీకర్లలోనే సినిమా హాలు బేస్ రావాలని నా పట్టుదల. ఎంత పెంచినా రేకు డబ్బా మోతే వచ్చేది. సైట్లో కరెంటు పని చేసేవాణ్నే గానీ, ఒక శుక్రవారం విప్పి చూస్తే ఒక స్పీకర్‌కు ఎరుపు, నలుపు వైర్లు తారుమారుగా ఇచ్చి ఉన్నాను. సరిచేసి, స్పీకర్లు రెండూ గోడ మూలలకు జరిపాను. ఫైటింగ్ సీన్ రాగానే గుండెల్లో దబదబమంది. ప్లైవుడ్ గోడ అదిరింది.

అంతలో ఎవరో తలుపు తట్టారు. పక్క గది మల్లయ్యన్న. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గొడవకొచ్చాడనుకుని గబగబా సౌండ్ తగ్గించాను.

“తగ్గియ్యకు తమ్మీ,” అన్నాడు మెల్లగా. “పొద్దుగాల టెలిగ్రాం వచ్చింది. నా బిడ్డ సచ్చిపోయిందట. ఇంటికి పోదామంటే పాస్‌పోర్ట్ నా కఫీల్ అరబ్బు సేటు దగ్గరుంది, ఆయన ఊళ్లె లేడు. గది నిండ మనుషులు. దుప్పటి కప్పుకొని ఏడుస్తున్న. గీ సప్పుడుంటే ఎవ్వలకు ఇనవడది.”

కూర్చోమన్నా కూర్చోకుండా వెళ్లిపోయాడు. నేను మళ్లీ సౌండ్ పెంచాను. మాలో ఎవరూ తెర వైపు చూడలేదు. సినిమా అయిపోగానే క్యాసెట్ వెనక్కి తిప్పి మళ్లీ అదే పెట్టాం.

ఇప్పుడు మా ఇంట్లో పెద్ద స్పీకర్లే ఉన్నాయి. పిల్లలు బేస్ పెంచినప్పుడల్లా నా చూపు గోడ మీదికి పోతుంది.